నాలుగణాల సభ్యత్వము – దేశభక్తుని జాబు

1948 జనవరి 12వ తేదీ సోమవారము. ఢిల్లీ నగరమున బిర్లా భవనములో ప్రార్థన సభ జరుగుచుండెను. సోమవారము గాంధీమహాత్మునకు మౌనదినము గావున, ఆయన వ్రాసియిచ్చిన ఉపన్యాసమును వేరొకరు సభకు చదివి వినిపించిరి. మరునాటినుండి తాను నిరాహారదీక్ష పూనుచున్నానని ఆయన లోకమునకు తెలిపిన ఉపన్యాసమది. హిందూ మహమ్మదీయుల సఖ్యతకై సాగిన ఆ దీక్షను గూర్చి అందరును ఎరుగుదురు. అదే ఉపన్యాసమున ఆంధ్రదేశమునుండి వచ్చిన రెండు జాబుల ప్రసక్తి కలదని మాత్రము మనలో కొలదిమందికే తెలియును. వానిలో ఒకటి ఒక యువకునిది. రెండవది గుంటూరు వాస్తవ్యులు, దేశభక్త బిరుదాంచితులు అగు కొండా వెంకటప్పయ్యగారిది. అప్పటికి వారికి ఎనుబదియొక సంవత్సరములు నిండి, ఎనుబదిరెండవయేడు ముగియవచ్చుచుండెను.

ఆ వృద్ధుడు వ్రాసినదేమి? కాంగ్రెసువారి నైతిక పతనము తన మనస్సును కలచివేయుచున్నదని వ్రాసిరి. ఇతర రాష్ట్రముల సంగతి తాను చెప్పజాలననియు, తన ప్రాంతమున స్థితి మిక్కిలి శోచనీయముగా నున్నదనియు తెలిపిరి. అధికారపు రుచి మరగినవారికి తల తిరిగినదట. శాసనసభ్యులు పలువురు తమ పలుకుబడిని అమ్ముకొని ధనము గడించుచున్నారట. మేజిస్ట్రేటుల ఎదుట నడచు క్రిమినలు కేసులలో సయితము చేయి పెట్టుచున్నారట. కలెక్టర్లకును రెవిన్యూ ఉద్యోగులకును తమ విధిని తాము నిర్భయముగా నెరవేర్చు స్వేచ్ఛ లేదట. నిక్కచ్చిగా పనిచేయు ఉద్యోగిపై మంత్రులకు లేనిపోని చాడీలు చేరుచున్నందున అట్టివాడు తన స్థానమున నిలువజాలడట. దీనికంతకును మించిన మాట యొకటి ఆ జాబున కలదు. నిన్నటివరకు జాతీయోద్యమమునకు బద్ధవైరులై యుండినవారు నేడు సొంతలాభమునకై కాంగ్రెసులో పేర్లు వ్రాయించుకొనుచుండగా, కాంగ్రెసువారే వారితో చేతులు కలుపుచున్నారట. ఇంతకంటె తెల్లవాని పాలనయే నయమని ప్రజలు అనసాగిరనియు, కాంగ్రెసును శపించుచున్నారనియు ఆయన వాపోయిరి.

స్వరాజ్యము వచ్చి అప్పటికి ఐదు నెలలైనను నిండలేదు.

మహాత్ముడు ఈ జాబును మరుగుపరుపలేదు. సభలో చదివించెను. ఈ త్యాగమూర్తి మాటలను ఆంధ్రులు తూచి చూచుకొనవలెననియు, ఈ అవినీతి ఆంధ్రుల సొత్తు మాత్రమే కాదనియు, అందరును మేలుకొనవలెననియు హెచ్చరించెను.

నాటినుండి నేటికి మూడు పాతికల యేండ్లు దాటినవి. ఆ జాబు వ్రాసినవారు లేరు, అందుకొన్నవారును లేరు. అయినను ఒక ప్రశ్న అట్లే నిలిచియున్నది. ప్రాణములకు తెగించి ఒక మహాసంస్థను నిర్మించిన సత్పురుషుల చేతిలోనుండి అది స్వార్థపరుల చేతిలోనికి ఎట్లు పోయెను? దొంగలు గోడకు కన్నము వేసి దోచుకొనిరా? లేక తలుపు తెరచియే యుండెనా?

జాబు వ్రాసినవారెవరు?

ఇది ఎవరో అసూయాపరుడు వ్రాసినదైనచో దానిని పాటింప పనిలేదు. వెంకటప్పయ్యగారు అట్టివారు కారు. వారు 1866 ఫిబ్రవరి 22వ తేదీన గుంటూరున జన్మించిరి. బందరులో న్యాయవాదిగా నుండిన కాలముననే, 1902వ సంవత్సరమున, దాసు నారాయణరావుగారితో కలసి కృష్ణాపత్రికను స్థాపించిరి. ఆ పత్రిక పిదప ముట్నూరి కృష్ణారావుగారి చేతిలో తెలుగునాట ఎంత వెలుగు వెలిగినదో పాఠకులకు చెప్ప పనిలేదు. పల్లెలలోని గ్రంథాలయములయందు చదువువచ్చినవాడొకడు బల్లమీద కూర్చుండి కృష్ణాపత్రికను పైకి చదువుచుండగా, చదువురానివారు చుట్టును చేరి వినుట నాటి ఆచారము.

1913లో బాపట్లయందు మొదటి ఆంధ్రమహాసభ జరిగెను. ప్రత్యేకాంధ్రరాష్ట్ర భావమును ఊరూర చాటినవారిలో వెంకటప్పయ్యగారు అగ్రగణ్యులు. 1918లో ఆంధ్రమునకు ప్రత్యేక కాంగ్రెసు శాఖ యేర్పడినప్పుడు న్యాపతి సుబ్బారావు పంతులుగారు అధ్యక్షులుకాగా, వెంకటప్పయ్యగారు కార్యదర్శి యైరి. గాంధీమహాత్ముని పిలుపు వచ్చినంతనే ఆదాయము గల న్యాయవాద వృత్తిని త్యజించిరి. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభకు ఆహ్వానసంఘాధ్యక్షులై దేశనాయకులకెల్ల స్వాగతము పలికిరి. పలుమారులు చెరసాలకు పోయిరి. ఆంధ్ర కాంగ్రెసు అను ఇంటికి పునాదిరాయి వేసినవారిలో ఆయన యొకరు. ఇల్లు కట్టినవాడే ఇంట చెదపురుగు పట్టినదని చెప్పినపుడు ఆ మాటకు విలువ కలదు.

నాలుగణాల పుస్తకము

కాంగ్రెసు మొదట కొలదిమంది విద్యావంతుల వార్షికసభ. 1920వ సంవత్సరాంతమున నాగపూరు మహాసభలో గాంధీమహాత్ముడు దానికి క్రొత్త నిబంధనావళిని కూర్చెను. నాలుగణాలు చెల్లించి కాంగ్రెసు ధ్యేయమును అంగీకరించు వయోజనుడెవడైనను సభ్యుడు కావచ్చును. గ్రామమునుండి తాలూకాకును, తాలూకానుండి జిల్లాకును, జిల్లానుండి రాష్ట్రమునకును మెట్లుమెట్లుగా సంఘములు ఏర్పడెను. రైతు, నేతగాడు, చిన్న బడిపంతులు ఒక పావలాతో దేశమంత పెద్దదియగు సంస్థలో భాగస్థులైరి. 1921 మార్చి నెలాఖరున బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము కూడి, కోటి రూపాయల తిలక్ స్వరాజ్యనిధి, కోటిమంది సభ్యులు, ఇరువదిలక్షల రాట్నములు అని లక్ష్యము పెట్టుకొనినపుడు తెలుగుదేశమంతయు పులకించెను.

ఆనాడు ఆ పుస్తకమున పేరు వ్రాయించుకొన్నవానికి లాభమేమి? పోలీసువాని కంటబడుట, అవసరమైన చెరసాల. గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున రైతులు పన్నులు కట్టుట మానినపుడు, గ్రామోద్యోగులు పలువురు తమ ఉద్యోగములకు రాజీనామాలిచ్చిరి. తరతరముల కరణికమును మునసబీని వదలుకొనుట పల్లెటూరివారికెంత కష్టమో పల్లెటూరివారికే తెలియును. జప్తులకు వచ్చిన అధికారులకు వేలము పాడువాడు దొరకకపోయెను.

అంతటి ఉత్సాహములోను మహాత్ముడు 1922 జనవరిలో వెంకటప్పయ్యగారికి జాబు వ్రాసి, అహింస, అస్పృశ్యతా నివారణము, ఖద్దరు మొదలగు నియమములు అక్కడ నిజముగా నెరవేరినవా యని హెచ్చరించెను. ఉద్యమము ఎంత పెద్దదని అడుగలేదు. అందులోనివారు ఎట్టివారని అడిగెను. ఆ ప్రశ్న ఇరువదియారేండ్ల తరువాత అటునుండి ఇటు తిరిగి, వెంకటప్పయ్యగారి చేతిమీదుగా మహాత్మునికే చేరెను.

నాలుగణాల పద్ధతిలో ఒక కిటుకు కలదు. పై సంఘములకు ప్రతినిధులు సభ్యులసంఖ్యను బట్టి ఎన్నికగుదురు. ఎవని వెనుక ఎక్కువమంది సభ్యులుందురో వానికి ఎక్కువ బలము. కష్టకాలమున దీనివలన కీడులేదు. చెరసాలకు పోవుటకు ఎవడును దొంగసభ్యులను చేర్చడు. సంస్థకు అధికారము చేజిక్కిన నాడు మాత్రము ఆ పావలా యొక పెట్టుబడి యగును. ఒక ధనికుడు వేయిమంది పేర్లు వ్రాసి, తన సంచిలోనుండి రెండువందల యేబది రూపాయలు చెల్లించినచో తాలూకాసంఘము వాని చేతిలో పడును. ఆ వేయిమందిలో కొందరికి తాము సభ్యులమని తెలియకపోవచ్చును, కొందరు బ్రతికియుండకపోవచ్చును.

అధికారపు రుచి

1937 ఎన్నికలలో మద్రాసు శాసనసభలోని 215 స్థానములకు 159 స్థానములు కాంగ్రెసు గెలిచెను. బొబ్బిలి రాజావారు తమ సొంత సంస్థానపు గడ్డమీదనే వి.వి.గిరిగారి చేతిలో ఓడిపోయిరి. జూలైనెలలో రాజగోపాలాచారిగారు మంత్రివర్గమును ఏర్పరచిరి. ఖద్దరుటోపీ చూచి పరుగెత్తించిన జవానే ఖద్దరుటోపీకి సలాము చేయు కాలము వచ్చెను.

ఇక పుస్తకమేమైనదో చూడుడు. 1935–36లో దేశమంతట కాంగ్రెసు సభ్యులు అయిదులక్షలకు లోపు. 1938–39 నాటికి నలుబదియైదు లక్షలు! మూడేండ్లలో తొమ్మిది రెట్ల పైచిలుకు పెరిగెను. వీరందరును స్వార్థపరులనుట అపచారము. భయము తీరినందున ధైర్యముగా వచ్చినవారును, నిజమైన దేశాభిమానులును అందు లక్షలమంది యుందురు. అయితే బెల్లమున్నచోటికి ఈగలు పిలువకయే వచ్చును. అప్పటికే, 1934లో, మహాత్ముడు కాంగ్రెసు సభ్యత్వమునే వదలుకొనియుండెను. 1939లో దొంగసభ్యత్వములను, ఎన్నికలలోని అక్రమములను చూచి, ఇట్టి కుళ్ళును సహించుటకంటె సంస్థ నంతను మర్యాదగా పూడ్చిపెట్టుటకైనను తాను వెనుదీయనని ఆయన వ్రాసెను. ఆ సంవత్సరమే యుద్ధము వచ్చెను, మంత్రులు రాజీనామాలిచ్చిరి, మరల చెరసాలలు నిండెను. కష్టకాలము తాత్కాలికముగా సంస్థను కడిగెను.

1946లో అధికారము మరల వచ్చెను. ఈసారి దాని రూపు వేరు. యుద్ధకాలపు కంట్రోళ్లు ఇంకను తొలగలేదు. బియ్యము, బట్ట, చక్కెర, కిరసనాయిలు, ఇనుము, సిమెంటు, బస్సులు నడుపుట – అన్నిటికిని పర్మిటు కావలెను, లైసెన్సు కావలెను. ఆ కాగితము ముక్కమీద సంతకమునకు వేలరూపాయల విలువ. సంతకము చేయు అధికారి మంత్రికి లోబడినవాడు. మంత్రి శాసనసభ్యులకు లోబడినవాడు. శాసనసభ్యుడు టిక్కెట్టునిచ్చు కాంగ్రెసు సంఘమునకు లోబడినవాడు. సంఘము నాలుగణాల పుస్తకమునకు లోబడినది. ఈ గొలుసు ఎరిగినవాడు పుస్తకమును పట్టుకొనెను. వెంకటప్పయ్యగారి జాబులో కలెక్టర్ల మాటయు, కోర్టుల మాటయు, పూర్వవైరుల మాటయు ఒక్కచోట చేరుటకు కారణమిదియే.

ఆ 1946 ఏప్రిల్ 30వ తేదీన టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానమంత్రి యైరి. ఒకనాడు బారిష్టరుగా గడించిన ధనమంతయు స్వరాజ్యపత్రికకును, దేశమునకును ధారపోసిన త్యాగి. ఖద్దరునకును చేతిమగ్గమునకును ప్రోత్సాహమిచ్చి, క్రొత్త బట్టలమిల్లులను రానీయరాదని పట్టుబట్టిరి. ఫిర్కా అభివృద్ధి పథకమును తలపెట్టిరి. ఏడాది తిరుగకమునుపే, 1947 మార్చిలో, ఆయన పక్షమువారే ఆయనను దింపివేసిరి. ప్రకాశంగారియందు తప్పులు లేవనరాదు. ఒంటెత్తు పోకడ ఆయనకు కలదని విమర్శకులు అనిరి. సహచరులను కూడగట్టుకొను ఓర్పు ఆయనకు చాలలేదు. ఆయనను దింపినవారిలో సద్బుద్ధితో వ్యతిరేకించిన పెద్దలును కలరు. అయినను ఆ సంవత్సరమున తేలిన సత్యమొకటి కలదు: నాయకుని త్యాగము జనుల హృదయములలో ఎంత యున్నను, సంస్థలోని ఓట్ల లెక్కలో దానికి చోటులేదు.

లోపలివారా, వెలుపలివారా?

ఈ కథను సులభముగా చెప్పు పద్ధతి యొకటి కలదు. మంచివారు కష్టపడి పంట పండించిరి, దొంగలు వచ్చి కోసికొనిపోయిరి అనుట. వెంకటప్పయ్యగారు అట్లు చెప్పలేదు. వారి జాబులో మిక్కిలి బాధతో వ్రాసిన వాక్యము వెలుపలివారిని గూర్చినది కాదు. స్వరాజ్యకాంక్ష యొక్కటియే స్త్రీపురుషులను మహాత్ముని వెంట నడిపినదనియు, ఆ గమ్యము చేరినంతనే యోధులలో పెక్కురకు నీతి కట్టుబాట్లన్నియు సడలిపోయినవనియు వారు చెప్పిరి. అనగా నిన్నటి త్యాగియే నేటి స్వార్థపరుడు. రెండేండ్లు చెరసాలలో గడపినవాడు ఆ రెండేండ్లను అప్పుగా లెక్కకట్టి, వడ్డీతో వసూలు చేసికొనుటకు బయలుదేరెను. వెలుపలివాడు తలుపు తట్టినపుడు తీసినది ఇట్టి లోపలివాడే. వానికి వీని ధనము కావలెను. వీనికి వాని పేరు కావలెను. కంచెయే చేను మేయ మొదలిడినపుడు పశువులను నిందించి ఫలమేమి?

సత్పురుషుల లోపమును కూడ చెప్పుట న్యాయము. వారు సభావేదికలను అలంకరించిరిగాని, సభ్యత్వపు పుస్తకమును పేరుపేరున విప్పి చూడరైరి. తాలూకాసంఘపు సమావేశము అల్పులపనియని తలచిరి. ఒకరికొకరు పడక ముఠాలు కట్టిరి. ఎదుటి ముఠాను ఓడించుటకై అవసరవాదిని తమవైపు చేర్చుకొనిరి. వాడు రెండు ముఠాలకును ముఖ్యుడాయెను. చివరకు నిజము చెప్పుటకు ఎనుబది దాటిన వృద్ధునికి ఒక్కటే త్రోవ మిగిలెను – ఢిల్లీకి జాబు వ్రాయుట. తాను కట్టిన సంస్థలో తన మాట వినిపించుకొను సంఘము గుంటూరులోగాని బెజవాడలోగాని లేకపోవుటయే ఆ జాబులోని అసలు విషాదము.

మహాత్ముని చివరి కాగితము

వెంకటప్పయ్యగారి జాబును సభలో చదివించిన పదునేడు దినములకు, అనగా జనవరి 29వ తేదీన, మహాత్ముడు కాంగ్రెసు నిబంధనావళికి ఒక చిత్తు ప్రతిని వ్రాసెను. మరునాడు ఆయన హతుడయ్యెను. ఫిబ్రవరి 15వ తేదీ హరిజన పత్రికలో అది ఆయన మరణశాసనముగా ప్రకటింపబడెను. స్వాతంత్ర్యమును సాధించుటతో కాంగ్రెసు పని ముగిసినదనియు, దానిని రద్దుచేసి లోకసేవక సంఘముగా మార్చవలెననియు అందలి సారాంశము.

ఆ కాగితమున పల్లెటూరివారమగు మనము గమనింపదగినవి రెండు కలవు. మొదటిది: సంఘమునకు మూలము గ్రామమునందలి అయిదుగురు స్త్రీపురుషుల పంచాయతి. ఆ అయిదుగురిని ఊరివారందరును ఎరుగుదురు. చచ్చినవాని పేరు అచ్చట చేర్చుట సాధ్యము కాదు. రెండవది: ప్రతి సేవకుడును తాను దినదినము చేసిన పనిని పుస్తకములో వ్రాసియుంచవలెను. నాలుగణాలిచ్చినవాని పేరు వ్రాయు పుస్తకమునకు మారుగా, చేసిన పని వ్రాయు పుస్తకము! రోగమెచ్చట పుట్టినదో ఆ వైద్యునికి తెలియును.

కాంగ్రెసు ఆ సలహాను స్వీకరింపలేదు. క్రొత్తగా పుట్టిన ప్రభుత్వమును నడుపుటకు బలమైన పక్షము అవసరమని పెద్దలు తలచిరి. అదియు నిరాధారమైన వాదము కాదు. అయితే మందును కాదన్నవారు రోగమునకు వేరు మందు చూపలేదు.

వెంకటప్పయ్యగారు 1949 ఆగస్టు 15వ తేదీన, స్వాతంత్ర్యము వచ్చి సరిగా రెండేండ్లు నిండిన దినమున, కన్నుమూసిరి. తరువాతి రెండేండ్లలో కాంగ్రెసు సంస్థాగత ఎన్నికలు జరిగినపుడు దేశమంతట దొంగసభ్యత్వముల ఆరోపణలు చెలరేగెను. 1951లో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్షపదవికి జరిగిన పోటీలో రంగాగారిపై సంజీవరెడ్డిగారు గెలిచిరి. రంగాగారు బయటికి వచ్చి కృషికార్ లోక్ పార్టీని స్థాపించిరి. ప్రకాశంగారు ప్రజాపార్టీ పెట్టి, పిదప కృపలానీగారి కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీలో చేరిరి. ఈ తగవులలో న్యాయము ఎవరిదో తీర్పు చెప్పుట ఈ వ్యాసమునకు పని కాదు. 1952 ఎన్నికల ఫలితము మాత్రము అందరును చూచిరి. ఆంధ్రప్రాంతపు 140 స్థానములలో కాంగ్రెసుకు దక్కినవి 40. కమ్యూనిస్టులు 41 గెలిచిరి. పదవిలోనున్న మంత్రులు పలువురు ఓడిపోయిరి. ఆంధ్రరాష్ట్రము రానందున కలిగిన ఆగ్రహమును, కరవుకాటకములును, పక్షములోని చీలికలును దీనికి కారణములే. కాని నాలుగేండ్లకు మునుపే ప్రజలు శపించుచున్నారని వ్రాసిన వృద్ధుని జాబును చదివినవారికి ఆ ఫలితము ఆశ్చర్యము కలిగింపదు.

మన పుస్తకము

గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఈ పాతకథ ఏల యని కొందరడుగవచ్చును. మన గ్రంథాలయమునకును ఒక సభ్యత్వపు పుస్తకము కలదు, చందా కలదు, సంఘము కలదు, జమాఖర్చుల లెక్క కలదు. 1914లో బెజవాడయందు మొదటి గ్రంథాలయ మహాసభను జరిపిన పెద్దలు ఊరూర గ్రంథాలయము కావలెనని కోరినది పుస్తకములను బీరువాలలో పెట్టుటకు మాత్రమే కాదు. పదిమంది కూడి ఒక సంస్థను నిజాయితీగా నడుపుకొనుట నేర్చు బడియది.

ఏ సంస్థయు ఒక్కదినమున చెడదు. వార్షికసభకు పోక ఇంట కూర్చున్ననాడు కొంత చెడును. లెక్కలను చదువకయే చేయి యెత్తిననాడు కొంత చెడును. ఎదుటివానిమీది కోపముతో అయోగ్యుని బలపరచిననాడు మరికొంత చెడును. దేశమంతటి కాంగ్రెసుకు జరిగినది మనయూరి చిన్నసంఘమునకును జరుగవచ్చును. దేశమంతటికిని కావలసిన జాగ్రత్తను మనయూరి చిన్నసంఘముననే అభ్యసింపవచ్చును.

వెంకటప్పయ్యగారి స్వీయచరిత్ర ప్రతి గ్రంథాలయమునను ఉండదగినది. యువకులు దానిని తప్పక చదువవలెను. ఆయనకు కలిగిన గతి మన తరములో మరియొక వృద్ధునికి కలుగకుండవలెనన్న, ఆయన ఢిల్లీకి వ్రాసిన మాటను మనము మనయూరి సభలోనే, సకాలమున, లేచి నిలిచి చెప్పవలెను.